సిరీస్ చూసి "సూపర్" అని పెట్టేసేవాళ్లకు

2025 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. హలో లేదు, బాగున్నావా లేదు. "ఏంట్రా నువ్వు చూడమన్నది? మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టానా, అయిదు నిమిషాలు కాకముందే పోలీసులు తలుపు పగలగొట్టి లోపలికొచ్చి పదమూడేళ్ల పిల్లాణ్ణి పట్టుకుపోతున్నారు. వీడేమో నా చెయ్యి వదలడు. ఇదా నువ్వు సూపర్ అన్నది?"

తప్పు నాదే. ముందురోజు రాత్రి నెట్‌ఫ్లిక్స్‌లో 'అడాలసెన్స్' నాలుగు ఎపిసోడ్లూ ఒకే ఊపులో చూసేసి, ఆ వేడి మీద ఫ్యామిలీ గ్రూపులో "అడాలసెన్స్ చూడండి, సూపర్, అస్సలు మిస్ అవ్వొద్దు" అని పెట్టేసి పడుకున్నాను. అందులో పిన్నికి పనికొచ్చే మాట ఒక్కటైనా ఉందా? తనతో చదివే అమ్మాయిని చంపాడన్న కేసులో అరెస్టయిన కుర్రాడి కథ అని చెప్పలేదు, పిల్లలతో చూడొద్దని చెప్పలేదు, నాకెందుకు నచ్చిందో కూడా చెప్పలేదు. నేను చెప్పిందల్లా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదన్న సంగతి, అదీ సరిగ్గా చెప్పలేదు.

అప్పటినుంచి ఏ సిరీస్ గురించైనా, డాక్యుమెంటరీ గురించైనా నాలుగు మాటలు రాసే ముందు ఒక పద్ధతి పాటిస్తున్నాను. సినిమా పేజీలకు రివ్యూలు రాసేవాళ్ల కోసం కాదు ఇది, వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. రాత్రి అన్నం తిన్నాక ఒక ఎపిసోడ్ వేసుకుని, పొద్దున ఆఫీసులోనో గ్రూపులోనో దాని గురించి మాట్లాడే మనలాంటివాళ్ల కోసం.

చూస్తున్నప్పుడే సగం పని అయిపోవాలి

రిమోట్ పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. మా ఇంట్లో పాత శుభలేఖల వెనకవైపు వాడతాను, అట్టలా ఉంటుంది, ఒళ్లో పెట్టుకుని చీకట్లో రాసినా ఫర్లేదు. ఫోన్‌లో నోట్స్ రాసుకుంటానంటారు కొందరు, నేనూ చూశాను, నోట్స్ కోసం తీసిన ఫోన్‌లో ఎవడో పెట్టిన మీమ్ చూసి నవ్వుకుని తలెత్తేసరికి ఇక్కడ సీన్ అయిపోయి ఉంటుంది. తర్వాత "కథ అర్థం కాలేదు, కన్‌ఫ్యూజింగ్" అని రాస్తాం. కన్‌ఫ్యూజ్ చేసింది సిరీస్ కాదు కదా.

రాసుకోవాల్సింది వాక్యాలు కాదు, ఒక్కో మాట చాలు. ఎన్నో ఎపిసోడ్, సుమారుగా ఎక్కడ, ఏం కనపడింది. 'అడాలసెన్స్' రెండోసారి చూసినప్పటి నా అట్ట మీద ఉన్నవి ఇవి: "1 – తలుపు, ప్యాంటు తడి. 2 – చివర, కెమెరా పైకి. 3 – శాండ్‌విచ్. 4 – వ్యాన్ మీద రాత." అంతే. వారం తర్వాత చూసినా ఆ నాలుగు మాటలతో మొత్తం గుర్తొస్తుంది. ఎపిసోడ్‌కు ఒకటి రెండు దాటి రాసుకోకండి, రాసుకోవడం ఎక్కువైతే చూడటం మానేసి పరీక్షకు చదువుతున్నట్టు ఉంటుంది.

ఇంకోటి, విసుగొచ్చినప్పుడు కూడా రాసుకోండి. ఫోన్ వైపు చెయ్యి వెళ్లిందంటే అక్కడ ఒక అడ్డగీత. ఎపిసోడ్ అయ్యాక గీతలు లెక్కపెడితే "ల్యాగ్ ఉంది" అన్నదానికి ఆధారం దొరుకుతుంది. మొత్తం ల్యాగే అనుకున్న సిరీస్‌లో గీతలన్నీ ఒకే పాత్ర వచ్చినప్పుడు పడ్డాయనుకోండి, అప్పుడు మీకు నచ్చనిది ఆ పాత్ర, లేదా ఆ ట్రాక్. అలాగే రాయొచ్చు.

ముందు మీ సంగతి చెప్పండి

అభిప్రాయం రాసేటప్పుడు మొదటి లైన్‌లోనే మీరు ఎంత చూశారు, ఏ భాషలో చూశారు, ఎలా చూశారు అన్నది చెప్పేయండి. మూడు ఎపిసోడ్లు చూసి ఆపేస్తే ఆపేశానని చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎక్కడ ఆపారన్నదే అసలైన సమాచారం. డబ్బింగ్‌లో చూశారా, ఒరిజినల్‌లో చూశారా అన్నది చాలా పెద్ద విషయం. డబ్బింగ్ గొంతు నచ్చక "హీరో యాక్టింగ్ తేలిపోయింది" అని రాసినవాళ్లు నాకు తెలుసు, పాపం ఆ నటుడికి ఏం సంబంధం. 1.5 స్పీడులో చూసి "ఎమోషన్ కనెక్ట్ కాలేదు" అనేవాళ్ల గురించి నేనేం మాట్లాడను.

రీమేక్ అయితే ఇది మరీ ముఖ్యం. 2025 జనవరిలో 'సివరపల్లి' వచ్చినప్పుడు, హిందీ 'పంచాయత్' చూసేసినవాళ్లదంతా ఒక మాట, చూడనివాళ్లదంతా ఇంకో మాట. చూసినవాళ్లు ప్రతి సీన్‌కూ పక్కన ఇంకో సీన్ పెట్టుకుని చూశారు, చూడనివాళ్లు హాయిగా నవ్వుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. తామెవరో చెప్పకపోవడం వల్ల చదివినవాళ్లకు బుర్ర తిరిగింది. నేను 'పంచాయత్' చూసినవాణ్ణి, కాబట్టి 'సివరపల్లి' గురించి నా మాటను సగం తగ్గించుకునే వినాలి.

ఇదే కోవలో '90'స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. 2024 సంక్రాంతికి ముందు ఈటీవీ విన్‌లో వచ్చింది, శివాజీ లెక్కల మాస్టారు. నాకు విపరీతంగా నచ్చింది. కానీ రాద్దామని కూర్చుంటే అనుమానం వచ్చింది: సిరీస్ నచ్చిందా, లేక మా ఇల్లు గుర్తొచ్చి నా చిన్నతనం నచ్చిందా? దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ కాలం తెలియనివాళ్లకు చూపించండి. మా పక్కింటి ఇంటర్ కుర్రాడికి వేశాను. పాత సామాన్లకి వాడు ఏమాత్రం కదల్లేదు, నేను మాత్రం ప్రతిదానికీ "మాకూ ఉండేది" అంటూ కూర్చున్నాను. కానీ మార్కుల గురించి తండ్రికి చెప్పాల్సిన చోట వాడు సోఫా అంచుకు జరిగాడు. అంటే ఆ సీన్లు సిరీస్ సొంతవి, మిగతాది నా జ్ఞాపకాల బోనస్. అలా విడదీసి రాశాను.

ఒక్క సీన్ పట్టుకోండి

నా పద్ధతి మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోమంటే ఇదే చెబుతాను. సిరీస్ మొత్తం గురించి రాయకండి, ఒక్క సీన్ గురించి రాయండి, మిగతా అభిప్రాయమంతా దాని తోకపట్టుకుని వస్తుంది.

ముందు, ఎలా రాయకూడదో చెప్పే వాక్యం: "మూడో ఎపిసోడ్ నెక్స్ట్ లెవెల్, ఇద్దరూ చించేశారు." ఇప్పుడు అదే ఎపిసోడ్ గురించి, కాస్త కథ బయటపడుతుంది, చూడనివాళ్లు తర్వాతి పేరా వదిలేయండి.

ఇంచుమించు ఎపిసోడ్ అంతా ఒకే గది, ఇద్దరే మనుషులు. సైకాలజిస్ట్ బ్రయొనీ, కుర్రాడు జేమీ. ఆవిడ వాడికి హాట్ చాక్లెట్ తెస్తుంది, తన శాండ్‌విచ్‌లో సగం ఇస్తుంది. వాడు అందులో ఉన్నది తనకు ఇష్టం లేదంటాడు. మాటలు సరదాగానే మొదలవుతాయి, మనకు వాడి మీద జాలి కూడా వేస్తుంది, అంతలో ఏదో ఒక ప్రశ్న గుచ్చుకుని లేచి నిలబడి ఆవిడ మీదికొచ్చి అరుస్తాడు. కాసేపటికి మళ్లీ పిల్లాడు. చివర్లో వాణ్ణి తీసుకెళ్లిపోయాక ఆవిడ ఒక్కతే మిగులుతుంది, ఆ కొరికిన శాండ్‌విచ్ ముక్క తియ్యబోయి చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఆవిడ ఏం అనుకుంటోందో ఎవరూ నోటితో చెప్పరు. ఆ చెయ్యి చెప్పేస్తుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టనిది ఇందుకే.

ఇలా రాస్తే చదివేవాళ్లకు మూడు విషయాలు ఒకేసారి తెలుస్తాయి: ఇది ఫైట్లు, ఛేజింగుల సిరీస్ కాదు, మాటల మధ్య నిశ్శబ్దం మీద నడుస్తుంది, ఓపిక లేని రోజు మొదలుపెట్టకూడదు. "నెక్స్ట్ లెవెల్" చదివితే ఇందులో ఏదైనా తెలిసేదా?

టెక్నిక్ గురించి రాయాలనిపిస్తే ఇదే సూత్రం. 'అడాలసెన్స్'లో ఒక్కో ఎపిసోడ్ మొత్తం ఒకే టేక్, మధ్యలో కట్ లేదు. ఇది అందరూ రాశారు, మీరూ రాస్తే ఇంకొకరు రాసినట్టే. అది చూసేవాడికి ఏం చేసిందో రాయండి. పోలీస్ స్టేషన్‌లో జేమీ తండ్రి ఎక్కడికీ పోలేడు, మనమూ పోలేం, సీన్ మారితే బాగుండు అనిపిస్తుంది, మారదు. అందుకే ఊపిరాడదు. రెండో ఎపిసోడ్ చివర కెమెరా గాల్లోకి లేచి ఊరి మీదుగా వెళ్లి హత్య జరిగిన చోట దిగుతుంది, అక్కడ తండ్రి పూలు పెడుతుంటాడు. డ్రోన్ షాట్ బాగుంది అనొచ్చు. ఎపిసోడ్ అంతా స్కూల్ గోలలో మనమంతా మర్చిపోయిన చచ్చిపోయిన పిల్ల దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టింది అని కూడా అనొచ్చు. (ఒక చిన్న ముచ్చట: మూడో ఎపిసోడ్‌లో జేమీ ఆవలిస్తే ఆవిడ "నీకు బోర్ కొడుతున్నానా" అంటుంది చూడండి, అది స్క్రిప్టులో లేదు, జేమీగా చేసిన ఓవెన్ కూపర్‌కు నిజంగానే ఆవలింత వచ్చిందట. షూటింగ్‌లో మొదట తీసిన ఎపిసోడ్ కూడా అదే.)

నిజంగా జరిగిందానిమీద తీసినవి

ఇక్కడే మనవాళ్లు బోర్లా పడేది. నేనూ పడ్డాను. "నిజ సంఘటనల ఆధారంగా" అని కనపడగానే తెర మీద జరిగిందంతా చరిత్ర అనేసుకుంటాం, లేదా ఒక్క తప్పు దొరకగానే మొత్తం అబద్ధం అనేస్తాం. ఈ రెండింటి మధ్య రాయడం నేర్చుకోవాలి. నేను అట్ట మీద మూడు గళ్లు గీస్తాను: జరిగింది, మార్చింది, కల్పించింది. ఇంటర్నెట్‌లో ఒక గంట కూర్చుంటే చాలావరకు నిండిపోతాయి.

'చెర్నోబిల్' చూడండి, సోవియట్ అణు విద్యుత్ కేంద్రం పేలుడు మీద 2019లో వచ్చిన అయిదు ఎపిసోడ్లు. అందులో ఉలానా ఖొమ్యూక్ అనే శాస్త్రవేత్త ఉంది కదా, ఆవిడ అసలు లేదు. ఆ ప్రమాదం మీద పనిచేసిన అసలు శాస్త్రవేత్త లెగసోవ్‌కు సాయం చేసిన ఎంతోమంది శాస్త్రవేత్తలను కలిపి ఒక మనిషిని చేశారు, ఆ సంగతి ఆఖరి ఎపిసోడ్ చివర వాళ్లే రాసి చూపించారు. కోర్టులో లెగసోవ్ ఎర్ర, నీలం పలకలు పెట్టి రియాక్టర్ ఎలా పేలిందో చెప్పే సీన్ ఉంది, నా లెక్కలో సిరీస్ మొత్తానికి అదే గొప్ప సీన్, కానీ నిజం లెగసోవ్ ఆ విచారణకు వెళ్లనేలేదు. ఇది తెలిశాక సీన్ విలువ తగ్గిందా? నాకైతే తగ్గలేదు, అంత కష్టమైన భౌతికశాస్త్రం మా అమ్మకు కూడా అర్థమైంది అందులో. కానీ "లెగసోవ్ కోర్టులో ధైర్యంగా నిలబడి నిజం చెప్పాడు" అని నేను రాస్తే మాత్రం అది నా తప్పు, సిరీస్ తప్పు కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్'. 2024 జనవరి మొదటి వారంలో బ్రిటన్ ఐటీవీలో నాలుగు రాత్రులు వరుసగా వేశారు. అక్కడ పోస్టాఫీసులు చాలావరకు మామూలు దుకాణదారులు కాంట్రాక్టు మీద నడుపుతారు. 1999 నుంచి హొరైజన్ అని ఒక కంప్యూటర్ సిస్టమ్ పెట్టారు, ఫుజిట్సు వాళ్లది. దానిలోని లోపాల వల్ల లెక్కల్లో డబ్బు తగ్గినట్టు చూపించేది, తగ్గిన డబ్బు జేబులోంచి కట్టమనేవారు, కట్టలేనివాళ్ల మీద దొంగతనం కేసులు. తొమ్మిది వందల మందికి పైగా దోషులుగా తేలారు, కొంతమంది జైలుకెళ్లారు, అందులో మన భారతీయ మూలాలున్నవాళ్లు కూడా చాలామందే. ఆ సంగతి 2009 నుంచే పత్రికల్లో వస్తోంది, విచారణ కూడా నడుస్తోంది, జనం పేజీ తిప్పేసి వెళ్లిపోయేవారు. ఈ డ్రామా వచ్చిన పదిరోజుల్లోపే ప్రభుత్వం కొత్త చట్టం తెస్తామని ప్రకటించింది, మే నెలలో ఆ చట్టం వచ్చి శిక్షలు రద్దయ్యాయి.

పదిహేనేళ్ల వార్తలు చేయలేనిది నాలుగు రాత్రులు ఎలా చేశాయి? అభిప్రాయం రాసేవాడికి అసలు పని ఈ ప్రశ్న దగ్గరే. నా జవాబు ఒక సీన్. జో హామిల్టన్ పాత్ర, ఊళ్లో చిన్న షాపు, కౌంటర్ వెనక కంప్యూటర్ ముందు నిలబడి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తుంది, రెండు వేల పౌండ్లు తగ్గింది ఏం చెయ్యను అని. అవతలివాళ్లు ఇది నొక్కండి, అది నొక్కండి అంటారు. ఆవిడ నొక్కుతుంది. కళ్లముందే ఆ అంకె రెట్టింపవుతుంది. చూస్తున్న ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా ఏదో ఒక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినవాడే, కాబట్టి "సాఫ్ట్‌వేర్ లోపం" అన్న ఎండిపోయిన మాట అక్కడ కడుపులో పిడిగుద్దు అయిపోతుంది. పేపర్లో చదివితే ఇది రాదు. అదే సమయంలో నచ్చనిదీ చెప్పాలి: పై అధికారుల సీన్లు పలచగా ఉన్నాయి, వాళ్లు అలా ఎందుకు ప్రవర్తించారో డ్రామా పెద్దగా తవ్వలేదు. దీనికి తోడుగా అసలు మనుషులు మాట్లాడే ఒక డాక్యుమెంటరీ కూడా ఐటీవీ వేసింది. డ్రామా ముందు, డాక్యుమెంటరీ తర్వాత చూడటం మంచిదని నా అనుభవం. ముందు డాక్యుమెంటరీ చూస్తే డ్రామాలో ప్రతి నటుణ్ణీ అసలు మనిషితో పోల్చుకుంటూ కూర్చుంటాం, కథ ఎక్కదు.

ఇక మన దగ్గరికొస్తే 'మయసభ'. 2025 ఆగస్టులో సోనీలివ్‌లో దేవా కట్టా సిరీస్. కాకర్ల కృష్ణమ నాయుడు, రామిరెడ్డి అని పేర్లు, కల్పిత కథ అని ముందే చెప్పారు, కానీ చూసే ఏ తెలుగువాడికైనా ఎవరు గుర్తొస్తారో చెప్పక్కర్లేదు. దీన్ని నేను మా బాబాయ్‌తో కలిసి చూడటం ఒక ప్రయోగం. పది నిమిషాలకోసారి రిమోట్ లాక్కుని పాజ్ కొట్టడం, "ఇలా కాదురా జరిగింది" అని మొదలుపెట్టడం. ఒక ఎపిసోడ్‌కు రెండు గంటలు పట్టింది. పిన్ని లోపలికెళ్లి పడుకుంది. నేను మాత్రం ఆయన చెప్పినవి కూడా అట్ట మీద రాసుకున్నాను, తర్వాత చూసుకుంటే కొన్ని కరెక్టే: అసలు నాయకులిద్దరూ 1978లోనే మొదటిసారి అసెంబ్లీకి వెళ్లారు, ఒకరు చంద్రగిరి నుంచి, ఇంకొకరు పులివెందుల నుంచి, అంజయ్య మంత్రివర్గంలో ఇద్దరూ మంత్రులే. కొన్ని బాబాయ్ పార్టీ అభిమానం కలిపిన చరిత్ర. అంటే మూడు గళ్లతో పాటు నాలుగో గడి కూడా కావాల్సొచ్చింది: బాబాయ్ కల్పించింది.

ఇలాంటి సిరీస్ గురించి రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలా గొడవలు తప్పిస్తుంది. సిరీస్‌లో పేర్లే వాడండి. "రామిరెడ్డి పాత్ర ఈ సీన్‌లో ఇలా చేసింది" అనండి, అసలు నాయకుడి పేరు పెట్టి "ఆయన ఇలా చేశాడు" అనకండి. ఎందుకంటే ఆ సీన్‌లో చేసింది పాత్ర, రాసింది రచయిత, అసలు నాయకుడు అలా చేశారో లేదో మీకు తెలియదు. అసలు పేరు పెట్టిన మరుక్షణం మీ పోస్ట్ కింద సిరీస్ గురించి ఒక్క కామెంటూ రాదు, అన్నీ 2029 ఎన్నికల గురించే వస్తాయి.

ఇంకా ప్రమాదకరమైనది ఇంకోటుంది, తెర మీది పాత్ర వెనక ఉన్న మామూలు మనుషుల్ని వెతకడం. ఒక కమెడియన్ వెంటపడి వేధించే ఆవిడ కథ 'బేబీ రెయిన్‌డీర్' 2024 ఏప్రిల్‌లో వచ్చింది, మొదట్లోనే "ఇది నిజ కథ" అని వేశారు, ఆధారంగా అని కూడా కాదు. ఇక చూసినవాళ్లు డిటెక్టివ్‌లైపోయారు, ఆ వెంటపడే ఆవిడ ఎవరు, ఆ నిర్మాత ఎవరు అని. రాసి నటించిన రిచర్డ్ గాడ్ స్వయంగా దయచేసి వెతకొద్దని అడగాల్సి వచ్చింది. ఆ పాత్ర తననే అన్న ఒక మహిళ నెట్‌ఫ్లిక్స్ మీద పదిహేడు కోట్ల డాలర్లకు దావా వేసింది. కాబట్టి మీ అభిప్రాయంలో "అసలు మనిషి ఈవిడేనట" అన్న లైన్ ఉంటే తీసేయండి. ఎంత లైకులొచ్చినా సరే తీసేయండి.

డాక్యుమెంటరీకి వేరే కళ్లజోడు

డ్రామాలో "బాగా చేశాడా" అని చూస్తాం. డాక్యుమెంటరీలో చూడాల్సింది ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు అని. అట్ట మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాయండి, పక్కన వాళ్లకూ కథానాయకుడికీ సంబంధం ఏంటో ఒక ముక్క. అయిపోయాక ఆ జాబితా చూస్తే సగం రివ్యూ అదే రాసేసుకుంటుంది.

'మోడర్న్ మాస్టర్స్: ఎస్.ఎస్. రాజమౌళి' 2024 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు నేను అభిమానిగానే కూర్చున్నాను. నా జాబితా: ప్రభాస్, ఎన్టీఆర్, రామ్‌చరణ్, రానా, కీరవాణి, రమా రాజమౌళి, కరణ్ జోహార్, జేమ్స్ కామెరూన్. కుటుంబం, స్నేహితులు, ఆయనతో పనిచేసినవాళ్లు, ఆయన్ని మెచ్చుకున్నవాళ్లు. సరదాగా గడిచిపోయింది, ఆయన పనిరాక్షసత్వం గురించి హీరోలు చెప్పే కబుర్లు బాగున్నాయి. కానీ ఆయన సినిమాలను నచ్చని ఒక్క మనిషి కూర్చుని ఎందుకు నచ్చవో చెప్పి, దానికి ఆయన జవాబు చెబితే ఎంత బాగుండేది! మెచ్చుకోలు డాక్యుమెంటరీ చెడ్డదని కాదు, పుట్టినరోజు నాడు ఎవరూ తిట్టరు. అది పుట్టినరోజు అని చదివేవాళ్లకు చెప్పండి, చాలు.

లేనిది చూడటం కూడా నేర్చుకోవాలి. 'బ్యాడ్ బాయ్ బిలియనీర్స్' 2020 అక్టోబరులో వచ్చినప్పుడు మాల్యా, నీరవ్ మోదీ, సుబ్రతా రాయ్ మీద మూడు ఎపిసోడ్లే ఉన్నాయి. నాలుగోది సత్యం రామలింగరాజు మీద, అది హైదరాబాద్ కోర్టు ఉత్తర్వుతో ఆగింది. మన ఊరి కథే మనకు లేకుండా పోయింది. ఆ సంగతి తెలియకుండా "మూడే ఎపిసోడ్లు, తొందరగా ముగించేశారు" అని రాసినవాళ్లున్నారు.

ఇంకో చిట్కా, సంగీతం. భయంగానో బాధగానో అనిపించిన చోట వెనక్కి వెళ్లి ఒక నిమిషం మ్యూట్ చేసి సబ్‌టైటిల్స్‌తో చూడండి. మాటల్లో కూడా ఆ బాధ ఉంటే సరే. మ్యూట్ చేయగానే అది ఒక మామూలు ఇంటి గేటు, మామూలు వీధి, మామూలు ఫోటో అయిపోతే మిమ్మల్ని భయపెట్టింది వయొలిన్. నేర కథల డాక్యుమెంటరీల్లో ఈ మోసం చాలా ఎక్కువ. ఢిల్లీ బురారీలో 2018లో ఒకే ఇంట్లో పదకొండు మంది చనిపోయిన ఘటన మీద 2021లో వచ్చిన 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్' నాకు నచ్చింది ఎందుకంటే, ఆ డైరీల మిస్టరీ దగ్గర ఆగకుండా అప్పట్లో టీవీల వాళ్లు చేసిన గోలను, ఇళ్లల్లో ఎవరూ మాట్లాడుకోని మానసిక సమస్యలను కూడా ముందుకు తెచ్చింది. అయినా దీని గురించి రాసేటప్పుడు నేను "థ్రిల్లింగ్" అన్న మాట వాడను. పదకొండు మంది పోయిన ఇల్లు అది.

రాయకూడని మాటలు, రాయాల్సిన రెండు ముక్కలు

నెక్స్ట్ లెవెల్, గూస్‌బంప్స్, మైండ్ బ్లోయింగ్, వన్ టైమ్ వాచ్, టైమ్ పాస్. ఇవి రాసి చూసుకుని కొట్టేయండి. కొట్టేశాక ఏమీ మిగల్లేదంటే చెప్పడానికి ఇంకా ఏమీ లేదని అర్థం, ఒకరోజు ఆగండి. "స్లో" అన్న మాట కొట్టేయక్కర్లేదు కానీ ఎక్కడ స్లో, ఎందుకు స్లో అని పక్కన రాయండి. మూడు పాయింట్ రెండు అయిదు లాంటి రేటింగ్ మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు, ఆ పావు మార్కు దేనికి వేశారో రాసినవాళ్లకైనా తెలుసా.

స్పాయిలర్ల విషయంలో పెద్ద సిద్ధాంతమేమీ లేదు: మొదటి ఎపిసోడ్‌లో తెలిసేది చెప్పొచ్చు, తర్వాతది చెప్పాలంటే ముందు హెచ్చరించాలి. నిజ ఘటన అయితే ముగింపు ఎలాగూ లోకానికి తెలుసు, అయినా ఫలానా పాత్ర బతుకుతాడా లేదా అన్నది చెప్పకండి.

ఇక తెలుగిళ్లల్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే, "ఇంట్లో అందరం కలిసి చూడొచ్చా?" రివ్యూలు రాసే చాలామంది దీన్ని చిన్నతనంగా అనుకుంటారు. నాకైతే ఇదే మొదటి ప్రశ్న. బూతులున్నాయా, పడక సీన్లున్నాయా, రక్తం ఎంత, పిల్లలకు ఏదైనా జరుగుతుందా, సూటిగా ఒక లైన్‌లో రాయండి. ఆమధ్య ఇంట్లో పెద్దాయన పోయినవాళ్లకు హాస్పిటల్ సీన్లున్న సిరీస్ పంపే ముందు ఒకసారి ఆలోచించండి.

పిన్నితో అక్షింతలు పడ్డాక నేను గ్రూపులో పెట్టిన మొదటి మెసేజ్ ఇదిగో, ఉన్నది ఉన్నట్టు:

"ది రైల్వే మెన్, నెట్‌ఫ్లిక్స్, 2023ది, నాలుగే ఎపిసోడ్లు, హిందీలో చూశాను. 1984 భోపాల్ గ్యాస్ రాత్రి రైల్వే స్టేషన్‌లో ఏం జరిగిందన్నది కథ. కేకే మీనన్ స్టేషన్ మాస్టర్. గులామ్ దస్తగీర్ అని నిజంగా ఆ రాత్రి స్టేషన్‌లో డ్యూటీలో ఉండి, జనంతో నిండిన రైలును టైమ్ కంటే ముందే పంపించేసి ఎందరినో కాపాడిన ఆయన నుంచి పుట్టిన పాత్ర అది. రైల్వే పోలీసు వేషంలో తిరిగే దొంగ మాత్రం కల్పితం, అతని ట్రాక్ దగ్గర నేను రెండుసార్లు ఫోన్ చూశాను. ప్లాట్‌ఫామ్ మీద జనం ఒక్కొక్కరే కూలిపోయే సీన్లు చాలాసేపు ఉంటాయి, పిల్లలు కూడా. బుజ్జిగాడు పడుకున్నాకే పెట్టు పిన్నీ. బూతులు కొంచెం ఉన్నాయి."

ఇరవై నిమిషాలకు పిన్ని జవాబు వచ్చింది. "చదివాను. నాలుగే అంటున్నావుగా, శనివారం రాత్రి చూస్తాను. మీ బాబాయ్‌కి మాత్రం చెప్పకు, 84లో ఆయన రైల్లో ఎక్కడికో వెళ్తున్నాడట, మొదలుపెడితే ఆపడు."